క్రీడా, ఆరోగ్య శాస్త్రాల్లో పరిశోధన పట్టా

క్రీడా, ఆరోగ్య శాస్త్రాల్లో పరిశోధన అంటే స్థూలంగా కదిలే మనిషినీ, కదలకుండా కూర్చున్న మనిషినీ కొలిచి చూడటం. పరుగెత్తేటప్పుడు గుండె, ఊపిరితిత్తులు, కండరాలు ఎలా పనిచేస్తాయో చెప్పేది వ్యాయామ శరీరధర్మ శాస్త్రం. ఎగిరి దూకిన కబడ్డీ ఆటగాడి మోకాలి మీద ఎంత భారం పడుతుందో లెక్కగట్టేది బయోమెకానిక్స్. పోటీకి ముందురోజు రాత్రి నిద్రపట్టని షట్లర్ సంగతి క్రీడా మనస్తత్వ శాస్త్రానిది. రోజంతా కుర్చీలో కూర్చునే గుమాస్తాకు షుగర్ ఎందుకొస్తోంది, ఎంత నడిస్తే అది అదుపులో ఉంటుంది అన్నవి ప్రజారోగ్యం కిందికి వస్తాయి. బ్రిటన్, ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయాల్లో ఇవన్నీ ఒకే విభాగంలో ఉండటం మామూలు. మన దేశంలో అవి చెల్లాచెదురుగా ఉన్నాయి. ఎక్కువ భాగం వ్యాయామ విద్య విభాగాల్లో ఉంటే, మిగతాది ఫిజియోథెరపీ, పోషకాహార, వైద్య విభాగాల్లో ఉంది. అందుకే ఎంపీఈడీ చేసిన పీఈటీ, ఎంపీటీ చేసిన ఫిజియో, న్యూట్రిషన్‌లో ఎమ్మెస్సీ చేసిన అమ్మాయి ముగ్గురూ ఒకే ప్రశ్న మీద పనిచేయాలనుకున్నా మూడు వేర్వేరు తలుపులు తట్టాల్సి వస్తుంది.

ఏ తలుపు తట్టినా ఈ రంగంలో పీహెచ్‌డీ ఒడ్డున పడేదీ, మునిగేదీ రెండు చోట్లే: ప్రశ్నను ఎంచుకోవడంలో, మనిషిని కొలవడంలో. దరఖాస్తులు, ఫెలోషిప్‌లు, వైవాల గురించి చెప్పేవాళ్లు చాలామంది దొరుకుతారు. ఆ రెండింటి గురించి చెప్పేవాళ్లు తక్కువ.

ప్రశ్న ఎలా పుడుతుంది

1953లో జెరెమీ మోరిస్ బృందం లండన్ బస్సు సిబ్బంది మీద చేసిన అధ్యయనం లాన్సెట్‌లో వచ్చింది. డబుల్ డెక్కర్ బస్సుల్లో మెట్లెక్కి దిగుతూ టికెట్లు కొట్టే కండక్టర్ల కంటే, కూర్చుని బస్సు నడిపే డ్రైవర్లలో గుండెజబ్బు ఎక్కువని తేలింది. శారీరక శ్రమకూ గుండెకూ ఉన్న సంబంధాన్ని జనం మధ్యకు వెళ్లి చూపిన తొలి పెద్ద అధ్యయనాల్లో అదొకటి. మోరిస్ అక్కడితో ఆగలేదు. డ్రైవర్లు మొదటినుంచే లావుగా ఉన్నవాళ్లేమో అన్న అనుమానం ఆయనకే వచ్చింది. దాన్ని తేల్చడానికి సంస్థ సిబ్బందికి కుట్టించి ఇచ్చిన యూనిఫాంల కొలతలు తిరగేశారు. డ్రైవర్ల ప్యాంట్ల నడుము కొలత నిజంగానే ఎక్కువగా ఉంది. 1956లో ఆ సంగతీ ఆయనే అచ్చు వేయించారు. సొంత ఫలితాన్ని ముందుగా తనే అనుమానించడం ఎలాగో నేర్చుకోవాలనుకునే స్కాలర్ ఈ రెండు వ్యాసాలనూ వరసగా చదవాలి.

దీనికి పూర్తి విరుద్ధమైన పద్ధతి మన వ్యాయామ విద్య విభాగాల్లో బాగా పాతుకుపోయింది. ఎంపిక చేసిన కొన్ని శారీరక దారుఢ్య అంశాలపై ఫలానా శిక్షణ ప్రభావం అనే శీర్షికను అచ్చులా వాడుకుంటున్నారు. అందులో యోగా తీసేసి ప్లయోమెట్రిక్స్ పెడతారు, కళాశాల విద్యార్థుల్ని తీసేసి వాలీబాల్ ఆటగాళ్లను పెడతారు. ఒక బృందానికి 12 వారాలు శిక్షణ ఇస్తారు, ఇంకో బృందాన్ని ఊరికే వదిలేస్తారు. శిక్షణ తీసుకున్నవాళ్లు మెరుగయ్యారని తేలుతుంది. ఏమీ చేయనివాళ్ల కంటే ఏదో ఒకటి చేసినవాళ్లు మెరుగవుతారని చెప్పడానికి మూడేళ్లు అక్కర్లేదు. ఆ రెండో బృందానికి కోచ్‌లు ఇప్పటికే వాడుతున్న మామూలు శిక్షణ ఇచ్చి, కొత్తది దానికంటే మేలా అని అడిగితే అప్పుడది ప్రశ్న అవుతుంది.

మంచి ప్రశ్నలు తరచూ మైదానంలోనే దొరుకుతాయి. సీనియర్ పురుషుల కబడ్డీలో బరువు పరిమితి 85 కిలోలు, మహిళలకు 75. తూకం ముందు రెండు మూడు రోజులు నీళ్లు మానేసి, స్వెటర్ వేసుకుని ఎండలో పరుగెత్తి కిలోలు దించుకోవడం ఆటగాళ్లందరికీ తెలిసిన విషయమే. ఒక్కో రైడ్‌కు ఉన్నది 30 సెకన్లు. నీరు తగ్గిన ఒంటితో పదో రైడ్‌కు వెళ్లిన ఆటగాడి వేగం ఎంత పడిపోతుంది? తూకానికీ మ్యాచ్‌కీ మధ్య దొరికే సమయంలో తాగే నీళ్లతో అది తిరిగి వస్తుందా? ఇక్కడ కొలవాల్సింది స్పష్టంగా ఉంది, జవాబు ఎవరికి పనికొస్తుందో తెలుసు, జవాబు ఎటు తేలినా ఉపయోగమే. ఇంత ఇరుకు ప్రశ్న పీహెచ్‌డీకి చాలదేమోనని భయపడేవాళ్లు ఉంటారు. పని మొదలుపెట్టిన ఆరు నెలలకు ఆ భయం పోయి, ఇది ముగ్గురికి సరిపడా ఉందే అన్న కంగారు పట్టుకుంటుంది.

ప్రశ్నను ఎంత బిగించవచ్చో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయంలో జరిగిన బీట్‌రూట్ ప్రయోగాలు చూపిస్తాయి. 2009లో ఆండ్రూ జోన్స్ బృందం ఎనిమిది మంది మగవాళ్లకు రోజుకు అర లీటరు చొప్పున ఆరు రోజులు బీట్‌రూట్ రసం ఇచ్చింది. అదే మనుషులకు వేరే విడతలో నైట్రేట్ దాదాపు లేని బ్లాక్‌కరెంట్ పానీయం ఇచ్చింది. ఎవరికి వాళ్లే పోలిక కాబట్టి ఎనిమిది మందితో పని జరిగింది. బీట్‌రూట్ తాగినప్పుడు అదే సైకిల్ శ్రమకు ఆక్సిజన్ తక్కువ పట్టింది, కఠిన వ్యాయామంలో అలసిపోయేదాకా తట్టుకున్న సమయం సుమారు 16 శాతం పెరిగింది. అయితే ఒక లొసుగు మిగిలింది. బీట్‌రూట్‌లో నైట్రేట్ ఒక్కటే కాదు, ఇంకా చాలా పదార్థాలున్నాయి. పైగా దాన్ని తాగినవాళ్లలో కొందరికి మూత్రం ఎర్రగా వస్తుంది, ఏం తాగారో వాళ్లకే తెలిసిపోతుంది. అందుకని తర్వాతి ప్రయోగాల్లో రంగూ రుచీ అలాగే ఉంచి నైట్రేట్ మాత్రం తీసేసిన బీట్‌రూట్ రసాన్ని పోలికకు వాడారు. ఒక అధ్యయనంలోని లొసుగు తర్వాతి అధ్యయనానికి ప్రశ్న అయింది. సిద్ధాంత గ్రంథంలో అధ్యాయాలు ఒకదానికొకటి ఇలా అతకాలి.

గైడ్, ల్యాబ్

గైడ్‌ను పేరు చూసి కాక పని చూసి ఎంచుకోవాలి. గత ఐదేళ్లలో ఆయన లేదా ఆమె దగ్గర ఎందరు చేరారు, ఎందరు పూర్తి చేశారు, ఆ గ్రంథాల్లో ఏముంది అన్నవి ఎవరైనా తెలుసుకోగలిగినవే. భారతీయ విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలు శోధ్‌గంగలో ఉచితంగా దొరుకుతాయి. ఒకే గైడ్ కింద వచ్చిన మూడు గ్రంథాలు తెరిచి పద్ధతుల అధ్యాయం చదివితే ఆ గదిలో పని ఎలా జరుగుతుందో తెలిసిపోతుంది. మూడింట్లోనూ పేరాలు ఒకేలా ఉంటే ఇంకో తలుపు చూసుకోవడం మంచిది.

నిబంధనల వైపు నుంచి కూడా కొన్ని చూడాలి. 2022 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ ఒకేసారి 8 మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ 6 మందికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ 4 మందికి మించి గైడ్‌గా ఉండకూడదు. పదవీ విరమణకు మూడేళ్ల లోపు ఉన్నవాళ్లు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు. ఇక ల్యాబ్ విషయానికొస్తే, విభాగం వెబ్‌సైట్‌లో ట్రెడ్‌మిల్ ఫొటో ఉండటం వేరు, దానికి అతికించిన గ్యాస్ ఎనలైజర్ ఈ నెల పనిచేస్తుండటం వేరు. చేరేముందే వెళ్లి, అక్కడి స్కాలర్లను క్యాంటీన్‌కు తీసుకెళ్లి, చివరిసారి ఆ యంత్రం మీద ఎవరిని ఎప్పుడు పరీక్షించారో అడిగితే సమాధానం దాపరికం లేకుండా వస్తుంది. కావలసిన పరికరం లేనప్పుడు ఇంకో సంస్థతో ఒప్పందం చేసుకోవచ్చు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థకు పక్కనే ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉంది. ఇలాంటి పొరుగుదనాన్ని వాడుకోవాలంటే సహ గైడ్ పేరు సినాప్సిస్‌లోనే ఉండాలి. మధ్యలో చేర్చబోతే కమిటీల చుట్టూ తిరగడంతోనే ఏడాది గడుస్తుంది.

ఆట మీదే మనసున్నవాళ్లకు రాష్ట్రం దాటి చూస్తే దారులు ఎక్కువ. గ్వాలియర్‌లోని లక్ష్మీబాయి జాతీయ వ్యాయామ విద్యా సంస్థ 1957లో మొదలైంది. చెన్నైలో హ్యారీ క్రో బక్ 1920లో స్థాపించిన వైఎంసీఏ వ్యాయామ విద్య కళాశాలతో పాటు తమిళనాడు వ్యాయామ విద్య, క్రీడా విశ్వవిద్యాలయం కూడా ఉంది. ఇంఫాల్‌లో జాతీయ క్రీడా విశ్వవిద్యాలయం 2018 చట్టంతో ఏర్పడింది.

ప్రవేశం, డబ్బు

పీజీలో 55 శాతం మార్కులు ఉండాలి, రిజర్వుడు వర్గాలకు 5 శాతం సడలింపు ఉంటుంది. నాలుగేళ్ల డిగ్రీ 75 శాతంతో పూర్తి చేసినవాళ్లు పీజీ లేకుండానే అర్హులు. ఎంఫిల్ ఇక లేదు. 2024 నుంచి యూజీసీ నెట్ ఫలితాలు మూడు తరగతులుగా వస్తున్నాయి: జేఆర్‌ఎఫ్‌తో పాటు అధ్యాపక అర్హత, అధ్యాపక అర్హతతో పాటు పీహెచ్‌డీ ప్రవేశం, పీహెచ్‌డీ ప్రవేశం మాత్రమే. చివరి రెండు తరగతుల వాళ్లకు నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. ఆ మార్కులు పీహెచ్‌డీ ప్రవేశానికి ఏడాది పాటే చెల్లుతాయి. నెట్‌లో వ్యాయామ విద్య ప్రత్యేక సబ్జెక్టుగా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆర్‌సెట్ లాంటి ప్రవేశ పరీక్షలూ జరుగుతుంటాయి కాబట్టి ఆయా విశ్వవిద్యాలయాల ప్రకటనలు చూస్తుండాలి.

జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్‌గా 42,000, దానిపై ఇంటి అద్దె భత్యం. 2023 జనవరి నుంచి అమల్లో ఉన్న రేట్లివి. జేఆర్‌ఎఫ్ లేకుండా చేరేవాళ్లు పరీక్ష కిట్లు, ఆటగాళ్ల ప్రయాణ ఖర్చులు, వాళ్లకు పెట్టే టిఫిను దాకా సొంత జేబులోంచి పోతాయని లెక్క వేసుకోవాలి. లాక్టేట్ కొలిచే చిన్న యంత్రం ఒకసారి కొంటే సరిపోతుంది గానీ, దానిలో పెట్టే స్ట్రిప్పులు ఒక్కో వేలిపోటుకు ఒకటి చొప్పున ఖర్చవుతూనే ఉంటాయి.

ఉద్యోగంలో ఉన్న పీఈటీలు, ఫిజికల్ డైరెక్టర్లు పార్ట్‌టైమ్‌గా చేయవచ్చు. సంస్థ నుంచి నిరభ్యంతర పత్రం కావాలి. దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో పీహెచ్‌డీని యూజీసీ ఒప్పుకోదు. అలా ఇప్పిస్తామని ఫోన్ చేసేవాళ్లతో మాట పొడిగించడం అనవసరం. కాలపరిమితి కనీసం మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు. రీ రిజిస్ట్రేషన్‌తో ఇంకో రెండేళ్లు, మహిళలకు, 40 శాతం పైబడిన వైకల్యం ఉన్నవాళ్లకు దానిపై మరో రెండేళ్లు దొరుకుతాయి. మహిళలకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు 240 రోజుల వరకు ఉంటుంది. మొదట్లో 12 నుంచి 16 క్రెడిట్ల కోర్స్‌వర్క్ ఉంటుంది, అందులో పరిశోధన నీతి తప్పనిసరి పేపరు.

సమ్మతి

మనుషుల మీద చేసే ఏ పనికైనా ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి. ఐసీఎంఆర్ 2017లో ఇచ్చిన మార్గదర్శకాలే దీనికి ఆధారం. పాల్గొనేవాళ్లకు అర్థమయ్యే భాషలో సమాచార పత్రం ఉండాలి కాబట్టి తెలుగు ప్రతి తప్పదు. ఆ తెలుగు ప్రతిని యంత్రానువాదం మీద వదిలేస్తే మ్యాక్సిమల్ టెస్ట్ కాస్తా గరిష్ఠ పరీక్ష అవుతుంది, ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఇక పరుగెత్తలేను అనేదాకా ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తిస్తాం, ఎప్పుడు ఆపమంటే అప్పుడు ఆపుతాం అని రాస్తే పదో తరగతి చదివిన ఆటగాడికీ అర్థమవుతుంది.

క్రీడా పాఠశాలల పిల్లలతో పనిచేయడంలో చిక్కు ఇంకా ఎక్కువ. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు తల్లిదండ్రుల సమ్మతి కావాలి. 7 నుంచి 12 ఏళ్ల పిల్లలను నోటిమాటగా, 12 నుంచి 18 మధ్యవాళ్లను రాతపూర్వకంగా ఒప్పించాలి. కోచ్ గారు సరేనన్నారు, పిల్లలందరినీ వరసలో నిలబెట్టారు అంటే అది సమ్మతి కాదు. జట్టును ఎంపిక చేసే మనిషే పక్కన నిలబడి ఉంటే ఏ పిల్లాడు కాదంటాడు? ఆ సంభాషణ జరిగేటప్పుడు కోచ్ గదిలో లేకుండా చూసుకోవడం పరిశోధకుడి పని.

శిక్షణో, ఆహారమో ఇచ్చి ఆరోగ్యం మీద ఫలితం చూసే అధ్యయనాన్ని భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయాలి. 2018 ఏప్రిల్ 1 నుంచి మొదటి మనిషిని చేర్చుకోకముందే నమోదు కావాలి, పని అయిపోయాక కుదరదు. ఈ సంగతి తెలియక, మంచి పని చేసి కూడా పత్రిక తిప్పికొట్టాక తలపట్టుకునేవాళ్లు ఉన్నారు.

కొలత

ఈ రంగానికి అసలైన విద్య ఇదే. యంత్రం చూపిన అంకె మనిషిలోని మార్పు వల్ల వచ్చిందా, కొలతలోని తేడా వల్ల వచ్చిందా అని విడదీయడం తెలియకపోతే మిగతాదంతా వృథా.

గ్యాస్ ఎనలైజర్ సంగతే తీసుకోవచ్చు. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.93 శాతం, కార్బన్ డయాక్సైడ్ సుమారు 0.04 శాతం. మనిషి వదిలే గాలికి దగ్గరగా ఉండేలా 16 శాతం ఆక్సిజన్, 4 లేక 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న సిలిండరుతో యంత్రాన్ని సరిచూస్తారు. గాలి పరిమాణాన్ని మూడు లీటర్ల సిరంజితో తోసి చూస్తారు. వాతావరణ పీడనం, గది ఉష్ణోగ్రత నమోదు చేస్తారు. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది, విశాఖ సముద్రం ఒడ్డున ఉంది. పీడనం అంకె తప్పుగా వేస్తే రెండు ఊళ్ల ఆటగాళ్ల మధ్య లేని తేడా పుట్టుకొస్తుంది. ఇదంతా ప్రతి పరీక్ష ముందూ చేయాలి. ఇరవై నిమిషాలు పడుతుంది, బయట ఆటగాడు వార్మప్ చేసి చల్లారిపోతుంటాడు. ఆ ఒత్తిడిలో దీన్ని ఎగ్గొట్టకుండా ఉండటం నేర్చుకున్నవాళ్ల అంకెలనే నమ్మవచ్చు.

తర్వాత మనిషి వంతు. పరీక్షకు ముందు 24 గంటలు కఠిన వ్యాయామం వద్దు, టీ కాఫీలు వద్దు, తిని రెండు మూడు గంటలు కావాలి, రెండోసారి కూడా అదే వేళకు రావాలి అని కాగితం మీద రాయడం సులువు. పొద్దున్నే టీ తాగకుండా గుమ్మం దాటని మనిషిని ఒప్పించడం వేరే కళ. కార్తీకంలో, మార్గశిరంలో జట్టులో సగంమంది అయ్యప్ప మాల వేసుకుంటారు. ఒంటిపూట భోజనం, చెప్పుల్లేని నడక, తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం. అప్పటి కొలతను ఆగస్టు కొలతతో పోల్చి ఇది శిక్షణ ఫలితం అంటే చెల్లదు. రంజాన్ ఉపవాసాలు, పరీక్షల సీజన్, సంక్రాంతికి ఊరూరా జరిగే కబడ్డీ పోటీలు కూడా అంతే. ఇంగ్లిష్ పాఠ్యపుస్తకంలో ఇవేవీ ఉండవు. స్థానిక క్యాలెండర్‌ను ఎదురుగా పెట్టుకుని పరీక్షల తేదీలు రాసుకోవడం ఇక్కడి స్కాలర్ తనంతట తాను చేసుకోవాల్సిన పని.

యంత్రమూ, మనిషీ సిద్ధమయ్యాక కూడా అంకె కదులుతూనే ఉంటుంది. ఒక కుర్రాడు సోమవారం 48 సెంటీమీటర్లు, బుధవారం 50 సెంటీమీటర్లు ఎగిరాడనుకుందాం. మధ్యలో ఏ శిక్షణా లేదు. అలాంటప్పుడు ఎనిమిది వారాల శిక్షణ తర్వాత వచ్చిన ఒకటిన్నర సెంటీమీటర్ల మెరుగుదలకు అర్థం లేదు. కాబట్టి అసలు అధ్యయనం మొదలుపెట్టే ముందే పదీ పదిహేను మందిని రెండు రోజులు కొలిచి, తన చేతిలో ఆ పరీక్షకు ఉండే సహజ తేడా ఎంతో తేల్చుకోవాలి. ఇదొక నెల పని. గ్రంథంలో నాలుగు పేజీలు అవుతుంది, వైవాలో సగం ప్రశ్నలకు సమాధానం అవుతుంది.

ఇంకో మాట కూడా అవసరం. నెలసరి వల్ల లెక్కలు మారతాయని చెప్పి అమ్మాయిలను అధ్యయనాల నుంచి తీసేయడం చాలాకాలంగా సాగుతోంది. లెక్క సులువు అవుతుంది నిజమే. కానీ మగ ఆటగాళ్ల మీద వచ్చిన ఫలితాలను వాళ్లకూ అంటగట్టడం దాని పర్యవసానం. నెలసరి దినాలు నమోదు చేసుకుని పరీక్షలను చక్రంలో ఒకే దశలో పెట్టుకోవడం కష్టమే గానీ అసాధ్యం కాదు, పైగా ఇక్కడ పరిశోధన తక్కువ కాబట్టి ఖాళీ ఎక్కువ.

లెక్కలు

ఎంతమందిని తీసుకోవాలన్నది ముందుగా తేల్చుకోవాలి. రెండు వేర్వేరు బృందాల మధ్య అర స్టాండర్డ్ డీవియేషన్ తేడాను 5 శాతం స్థాయిలో, 80 శాతం పవర్‌తో పట్టుకోవాలంటే బృందానికి 64 మంది కావాలి. ఆ తేడా 0.8 స్థాయిలో ఉంటుందని నమ్మకం ఉంటే 26 మంది చాలు. ఎవరికి వాళ్లే పోలికగా ఉన్నప్పుడు అర డీవియేషన్‌కు మొత్తం 34 మందితో సరిపోతుంది. బృందానికి 15 మంది అన్నది ఏ లెక్కలోంచీ వచ్చింది కాదు, పాత గ్రంథంలోంచి వచ్చింది. జీపవర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ లెక్క నిమిషంలో చెబుతుంది. విశ్లేషణకు ఆర్, జమోవి కూడా ఉచితమే. డబ్బిచ్చి బయట లెక్కలు చేయించుకోవడం కొన్నిచోట్ల మామూలైపోయింది. అలా చేయించుకున్నవాళ్లకు వైవాలో ఆ పరీక్ష ఎందుకు వాడావు అన్న ఒక్క ప్రశ్న చాలు, నోట మాట రాదు.

డేటా శుభ్రంగా లేకపోతే వ్యవహారం ఎంతదూరం వెళుతుందో చెప్పడానికి మనకు దగ్గరి ఉదాహరణే ఉంది. ఒడిశా స్ప్రింటర్ ద్యుతీ చంద్‌ను 2014లో టెస్టోస్టిరాన్ స్థాయి కారణంగా పోటీల నుంచి పక్కన పెట్టారు. ఆమె క్రీడా ఆర్బిట్రేషన్ కోర్టుకు వెళ్లారు. ఆ హార్మోన్ వల్ల ఎంత మేర లాభం కలుగుతుందో చూపే ఆధారం చాలదంటూ 2015 జూలైలో కోర్టు అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య నిబంధనలను తాత్కాలికంగా నిలిపేసింది. 2011, 2013 ప్రపంచ చాంపియన్‌షిప్‌ల డేటాతో సమాఖ్యకు చెందిన శాస్త్రవేత్తల అధ్యయనం 2017లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో వచ్చింది. 2018లో కొత్త నిబంధనలు 400 మీటర్ల నుంచి మైలు దాకా పరుగులకు వచ్చాయి. ద్యుతీ పరుగెత్తే 100, 200 మీటర్లు వాటి పరిధిలో లేవు. ఈలోగా బయటి పరిశోధకులు ఆ డేటాలో కొంత భాగం సంపాదించి మళ్లీ లెక్కగడితే తప్పులు బయటపడ్డాయి. చివరకు 2021లో, తమ అధ్యయనం అన్వేషణాత్మకమైనదే, కారణ సంబంధాన్ని నిరూపించేది కాదని రచయితలు సవరణ ప్రకటించారు. అప్పటికే కొందరు క్రీడాకారిణుల కెరీర్లు మలుపు తిరిగిపోయాయి. ఎక్సెల్ షీట్‌లో ఒకే మనిషి పేరు రెండుసార్లు పడిందా అని చూసుకోవడం చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, కాదు.

చదవడం, అచ్చు వేయించడం

2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద ప్రభుత్వ ఉన్నత విద్యా సంస్థలకు 30 ప్రచురణ సంస్థల సుమారు 13,000 పత్రికలు అందుబాటులోకి వచ్చాయి. తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లు వ్యాసం మొదటినుంచి చివరిదాకా పదం పదం తడుముకుంటూ చదవనక్కర్లేదు. ముందు పద్ధతులు, తర్వాత పట్టికలు చూడాలి. రచయితల వాదన చివర్న చదవాలి. ఆ క్రమంలో చదివితే ఇంగ్లిష్ కంటే అంకెలు ముందుగా మాట్లాడతాయి.

2022 నిబంధనలు గ్రంథం సమర్పించే ముందు ప్రచురణ తప్పనిసరి అన్న షరతును తీసేశాయి. ఇది మంచిదే. ఆ షరతు పుణ్యమా అని డబ్బు తీసుకుని వారంలో అచ్చేసే పత్రికలు బోలెడు పుట్టాయి. సమీక్ష లేకుండా అంగీకార పత్రం వచ్చిందంటే ఆ పత్రికలో వేయడం కంటే వేయకపోవడమే రెజ్యూమెకు క్షేమం.

సమర్పణ, వైవా

పరిశోధన సలహా కమిటీ ముందు ప్రతి సెమిస్టర్‌లో ప్రగతి చెప్పాలి. సమర్పణకు ముందు అందరూ రాదగిన సెమినార్ ఉంటుంది. నకలు విషయంలో 2018 యూజీసీ నిబంధనల ప్రకారం 10 శాతం వరకు పోలికకు శిక్ష లేదు. 40 శాతం వరకు ఉంటే సవరించి ఆరు నెలల్లో మళ్లీ ఇవ్వాలి, 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. గ్రంథాన్ని గైడ్‌తో పాటు కనీసం ఇద్దరు బయటి పరీక్షకులు చూస్తారు. మొత్తం ప్రక్రియను సమర్పించిన ఆరు నెలల్లో విశ్వవిద్యాలయం ముగించాలన్నది నిబంధన. దరఖాస్తులో ఆ నిబంధనను మర్యాదగా ఒక వాక్యంలో గుర్తుచేయడంలో తప్పులేదు.

బ్రిటన్‌లో పద్ధతి వేరు. పూర్తికాలం మూడు నుంచి నాలుగేళ్లు. కోర్స్‌వర్క్ సాధారణంగా ఉండదు. చాలాచోట్ల మొదట ఎంఫిల్‌గా నమోదై, ఏడాది ఏడాదిన్నరకు రాసిచ్చిన పనిని చూసి పీహెచ్‌డీకి మారుస్తారు. ఏడాదిలో అయ్యే మాస్టర్స్ బై రీసెర్చ్ కూడా ఉంది, ఇష్టమో కాదో తేల్చుకోవడానికి అది పనికొస్తుంది. వైవా తలుపులు మూసి జరుగుతుంది. మామూలుగా లోపలి పరీక్షకుడు ఒకరు, బయటి పరీక్షకుడు ఒకరు కూర్చుని గంటల తరబడి గ్రంథాన్ని పేజీ పేజీ తిప్పుతారు. దరఖాస్తు చేసే తీరు కూడా రెండు రకాలు. ముందే నిధులున్న ప్రాజెక్టు ప్రకటన చూసి ఉద్యోగానికి చేసినట్టు చేయడం ఒకటి. సొంత ప్రశ్నను రెండు పేజీల్లో రాసి, ఆ పని చేస్తున్న అధ్యాపకుడికి నేరుగా పంపడం రెండోది. వందమందికి ఒకే ఉత్తరం పంపితే ఒక్కరూ జవాబివ్వరు. ఆ అధ్యాపకుడి ఇటీవలి వ్యాసంలో ఒక పద్ధతి గురించి సూటిగా అడిగిన ఉత్తరానికి జవాబు వచ్చే అవకాశం ఉంది. విదేశీ విద్యార్థుల ఫీజు అక్కడివాళ్ల కంటే ఎన్నో రెట్లు ఉంటుంది కాబట్టి కామన్వెల్త్ లాంటి స్కాలర్‌షిప్ గానీ, నిధులున్న సీటు గానీ లేకుండా పొలం అమ్మి పీహెచ్‌డీకి వెళ్లడం ఎవరూ చేయదగిన పని కాదు.

పట్టా తర్వాత దారులు అనుకున్నన్ని ఉండవు, కానీ ఉన్నవి గట్టివి: విశ్వవిద్యాలయ అధ్యాపక పోస్టులు, స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా కేంద్రాల్లో క్రీడా శాస్త్ర నిపుణుల పోస్టులు, ఐపీఎల్, ప్రో కబడ్డీ జట్ల సహాయక సిబ్బంది, ప్రజారోగ్య ప్రాజెక్టులు. కళాశాలల్లో ఫిజికల్ డైరెక్టర్ల నియామకానికి యూజీసీ అర్హతల్లో శారీరక దారుఢ్య పరీక్ష కూడా ఉంది, పురుష అభ్యర్థులు 12 నిమిషాల పరుగు పరీక్షలో తమ వయసుకు నిర్ణయించిన దూరం అందుకోవాలి. ఆరేళ్లు ఇతరుల పరుగును కొలుస్తూ కుర్చీకి అతుక్కుపోయిన డాక్టర్ గారు నోటిఫికేషన్ పడకముందే మైదానంలోకి దిగడం మంచిది.